ఇసుక పలక నుంచి సెల్‌ఫోన్ దాకా: తరగతి గదిలో నియమాల చరిత్ర

బడిలోకి కొత్త వస్తువు ఏది వచ్చినా దాని వెనకాలే ఒక నియమం కూడా వచ్చింది. ఆ నియమం ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, దానివల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరికి కష్టం వచ్చింది అని చూస్తూ పోతే అదే ఒక చరిత్ర అవుతుంది. ఈ ఏడాది మా బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు సెల్‌ఫోన్ల మీద చాలాసేపు మాటలు నడిచాయి. "బడికి ఫోను తేనే కూడదు" అని కొందరు అన్నారు. "పక్క పల్లెల నుంచి ఆడపిల్లలు నడిచి వస్తారు, బస్సు తప్పితే ఇంటికి ఎట్లా చెప్పేది?" అని కొందరు అడిగారు. ఏదీ తేలలేదు. మా సాంఘికశాస్త్రం టీచరమ్మ నన్ను పిలిచి, "ఇది ఇప్పటి గొడవ కాదు. పాతకాలంలో ఏం చేశారో చదువుకొని రాయి" అన్నారు. అట్లా చదివి, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ఇసుకలో అక్షరాలు

1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల కోసం ఒక ఆశ్రమ పాఠశాల ఉండేది. స్కాట్లాండు నుంచి వచ్చిన ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు దానికి పర్యవేక్షకుడు అయ్యాడు. ఆయన ఒకసారి మన దేశపు పిల్లల బడి ఒకటి చూశాడు. అక్కడ పిల్లలు నేల మీద ఇసుక పరుచుకొని వేలితో అక్షరాలు దిద్దుకుంటున్నారు. కాగితం ఖర్చు లేదు, సిరా ఖర్చు లేదు. తప్పు రాస్తే చేత్తో చెరిపేసి మళ్లీ రాయొచ్చు. ఇది బెల్‌కు చాలా నచ్చింది. తన బడిలో కూడా ఇట్లాగే నేర్పమని అక్కడి ఉపాధ్యాయుడికి చెప్పాడు. ఆ ఉపాధ్యాయుడు ఇది కుదిరే పని కాదన్నాడు. అప్పుడు బెల్ ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒకణ్ణి పిలిచి, చిన్న పిల్లలకు ఇసుకలో అక్షరాలు నేర్పే పని అప్పజెప్పాడు. ఆ పిల్లవాడు నేర్పి చూపించాడు. బెల్ ఇంగ్లండుకు తిరిగి పోయాక 1797లో దీని గురించి పుస్తకం అచ్చువేశాడు. తెలిసిన పిల్లలు తెలియని పిల్లలకు నేర్పే ఈ పద్ధతికి అక్కడ "మద్రాసు పద్ధతి" అనే పేరు వచ్చింది.

ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఇసుక కూడా ఒకప్పుడు బడిలో కొత్త సాధనమే. దాన్ని కూడా మొదట పెద్దవాళ్లు ఒప్పుకోలేదు.

మనకు ఇంకా దగ్గరి చరిత్ర ఒకటి ఉంది. మన బాగేపల్లి దాటి చిత్రావతి పారే వైపు పోతే హిందూపురం, పెనుకొండ, పుట్టపర్తి వస్తాయి. ఆ సీమ అంతా అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేది. 1882లో దాన్ని విడదీసి అనంతపురం జిల్లా చేశారు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ప్రతి జిల్లాలో ఎన్ని బడులు ఉన్నాయో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. ఈయన 1816లో తెలుగు వ్యాకరణం రాసి అచ్చువేసిన మనిషి కాబట్టి మన భాష ఆయనకు బాగా తెలుసు. ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు. 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు. మిగిలినవి మరాఠీ, పారసీ, సంస్కృతం, తమిళం నేర్పేవి. ఇంగ్లీషు బడి ఒకే ఒకటి. తెలుగూ కన్నడమూ ఇట్లా దాదాపు సరిసమానంగా పక్కపక్కన ఉన్నాయంటే అది అచ్చం మన తాలూకా మాదిరే ఉంది కదా!

క్యాంప్‌బెల్ బడి లోపల ఏం జరిగేదో కూడా వివరంగా రాశాడు. పిల్లలు మొదట నేల మీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాళ్లు. తర్వాత తాటాకు మీద ఇనుప గంటంతో గాని, కాగితం మీద రెల్లు కలంతో గాని రాసేవాళ్లు. కొన్నిచోట్ల కడతం ఉండేది. అంటే గుడ్డకు గంజి, బొగ్గుపొడి పట్టించి పలక మాదిరి గట్టిగా చేసిన మడత పుస్తకం. దాని మీద బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. ఇంత తక్కువ ఖర్చుతో పిల్లలకు రాత నేర్పడం మెచ్చుకోదగిన పని అని క్యాంప్‌బెల్ ఒప్పుకున్నాడు.

ఆ బడుల్లో నియమాలు కూడా ఉండేవి. పొద్దున అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు. వాడికి మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఒక్కొక్కటి పెరుగుతూ పోయేది. ముప్ఫయ్యోవాడి గతి ఏమిటో మీరే ఊహించుకోండి! చదవని పిల్లలతో గుంజీలు తీయించడం, చేతులు కట్టి పైకప్పుకు వేలాడదీయడం కూడా ఉండేదట. ఆ లెక్కలో ఆడపిల్లలు చాలా కొద్దిమంది. పేద ఇళ్ల పిల్లలను చేతికి అందివచ్చిన వెంటనే పనికి పంపేవాళ్లు కాబట్టి బడి మానిపించేవారు అని కూడా ఆయన రాశాడు.

ఇక్కడ నేను ఒకటి గమనించాను. గంటం వాడాలా, బలపం వాడాలా అనేది ఆ పిల్లలకు పెద్ద సమస్య కాలేదు. సమస్యంతా ఎవరిని బడికి రానిచ్చారు, ఎవరిని ఎట్లా శిక్షించారు అనే దగ్గరే ఉంది.

పలక, పెన్ను, కాలిక్యులేటరు

తర్వాత రాతి పలక వచ్చింది. ఇంగ్లండులో జోసెఫ్ లాంకాస్టర్ అనే ఆయన తన బడుల్లో వందలమంది పిల్లలకు ఒకేసారి పలకల మీద రాయించేవాడు. పిల్లలు రాయడం, పలక పైకెత్తి చూపించడం, తుడవడం, అన్నీ ఒక్క ఆజ్ఞతో జరగాలి. అంటే పలకతో పాటు కవాతు కూడా వచ్చింది.

మా అవ్వ పలక మీద చదువుకుంది. ఆమెను అడిగితే ఇట్లా చెప్పింది: "మా అయ్యవారు పలకను ఉమ్మితో తుడిస్తే మొట్టికాయ వేస్తుండె. ఇంటి నుంచి తడిగుడ్డ తెచ్చుకోవల్ల. శనివారం దొండాకూ బొగ్గూ నూరి పలకకు పూస్తా ఉంటిమి, నల్లగా నిగనిగలాడుతుండె. పలక పగిలితే మాత్రం ఇంట్లో వీపు పగులుతుండె." ఉమ్మితో తుడవకూడదు అనే నియమం పిల్లల ఆరోగ్యం కోసం పెట్టింది. అందుకే అవ్వకు ఇప్పటికీ ఆ నియమం మీద కోపం లేదు. "మంచికే చెప్పినాడు" అంటుంది.

మా నాయన కాలానికి గొడవ బాల్‌పెన్ను మీదకు వచ్చింది. ఆయన చదివిన బడిలో సిరా పెన్నుతోనే రాయాలి. బాల్‌పెన్నుతో రాస్తే దస్తూరి చెడిపోతుందని సార్లు అనేవారట. సిరా కారి చొక్కా జేబు నీలంగా అయ్యేది, పరీక్ష మధ్యలో సిరా అయిపోతే పక్కవాడి పెన్నులోంచి రెండు చుక్కలు అడిగి పోసుకునేవాళ్లు. ఇప్పుడు మా తరగతిలో సిరా పెన్ను ఉన్నవాళ్లు ఎవరూ లేరు. ఆ నియమాన్ని ఎవరూ రద్దు చేయలేదు. దానంతట అదే పోయింది.

కాలిక్యులేటరు సంగతి వేరు. అది వచ్చి ఎన్నో ఏళ్లయినా మన ఎస్సెస్సెల్సీ పరీక్ష గదిలోకి దాన్ని రానివ్వరు. దీనికి కారణం ఎవరిని అడిగినా చెప్తారు. లెక్క చేయడం వచ్చిందా లేదా అని చూసేదే ఆ పరీక్ష. కారణం స్పష్టంగా ఉంది కాబట్టి ఏ పిల్లవాడూ ఆ నియమాన్ని తిట్టుకోడు. పైగా అది ధనవంతుల పిల్లలకూ పేద పిల్లలకూ ఒకేలా వర్తిస్తుంది.

ఆకాశం నుంచి పాఠాలు

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా మన దేశంలో ఒక గొప్ప ప్రయోగం జరిగింది. దాని పేరు సైట్. అమెరికా వాళ్ల ఉపగ్రహం సాయంతో మన ఇస్రో, ఆకాశవాణి కలిసి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపాయి. ఆ ఆరింటిలో మన కర్ణాటకా ఉంది, ఆంధ్రప్రదేశూ ఉంది. పొద్దున గంటన్నర బడిపిల్లల కోసం. ఆ గంటన్నరను హిందీ, ఒడియా, తెలుగు, కన్నడ భాషలకు సమానంగా పంచారు. ఒక్కో భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు. సాయంత్రం పెద్దవాళ్ల కోసం సేద్యం, ఆరోగ్యం గురించి కార్యక్రమాలు.

ఇందులో నాకు నచ్చింది పద్ధతి. టీవీ ఒక్కొక్కరి ఇంట్లో లేదు. ఊరందరికీ కలిపి ఒకటి, చాలాచోట్ల బడిలోనే పెట్టారు. దాన్ని చూసుకోవడానికి ఒక బాధ్యుడు ఉండేవాడు. ఎప్పుడు వేయాలి, ఎంతసేపు వేయాలి అనేది ముందే నిర్ణయం. ఉపాధ్యాయులకు కూడా టీవీ ద్వారా విజ్ఞానశాస్త్రం ఎట్లా చెప్పాలో శిక్షణ ఇచ్చారు. అన్నిటికంటే ముఖ్యం, పల్లె పిల్లలకు వాళ్ల భాషలోనే పాఠం వచ్చింది. యాభై ఏళ్ల కిందటే ఇది చేశారంటే ఆశ్చర్యంగా లేదా?

తర్వాత 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని చదువు కోసమే పంపారు. మన రాష్ట్రంలో చామరాజనగర జిల్లా ప్రాథమిక పాఠశాలల్లో దానితో పాఠాలు చూపించారు.

2020: ఫోనే బడి అయిన సంవత్సరం

ఇక నాకు సొంతంగా తెలిసిన చరిత్రకు వస్తాను. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు నేను ఐదో తరగతికి వచ్చాను. అంతవరకు "ఫోను ముట్టుకోవద్దు" అన్న పెద్దవాళ్లే "ఫోనులో పాఠం విను" అన్నారు.

ఆ జూన్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం చిన్న తరగతుల పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు చెప్పకూడదని ఉత్తర్వు ఇచ్చింది. చిన్న పిల్లలు గంటలకొద్దీ తెర చూస్తే మంచిది కాదు అనే మాటలో నిజం ఉంది. అయితే కొందరు తల్లిదండ్రులు హైకోర్టుకు పోయారు. జూలై 8న కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చింది. పిల్లల చదువు హక్కును ఇట్లాంటి ఉత్తర్వుతో తగ్గించకూడదు అని చెప్పింది. ఆ వారంలోనే, జూలై 14న, కేంద్ర విద్యాశాఖ ప్రజ్ఞాత అనే మార్గదర్శకాలు విడుదల చేసింది. చిన్న పిల్లలకు రోజుకు 30 నిమిషాలు మించకూడదు. 1 నుంచి 8 తరగతులకు 30 నుంచి 45 నిమిషాల పాఠాలు రెండుకు మించకూడదు. 9 నుంచి 12 తరగతులకు నాలుగు. పూర్తిగా వద్దు అనకుండా, ఎంతవరకు అని కొలత చెప్పిన నియమం ఇది.

కానీ ఆ నియమాలన్నీ ఫోను ఉన్నవాళ్లకే. మన కర్ణాటక ప్రభుత్వం ఆ ఆగస్టులో విద్యాగమ అనే పథకం మొదలుపెట్టింది. అందులో పిల్లలను మూడు రకాలుగా గుర్తించారు. ఇంట్లో ఏ ఫోనూ లేనివాళ్లు, ఇంటర్నెట్ లేని మామూలు ఫోను ఉన్నవాళ్లు, ఇంటర్నెట్ ఉన్న స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్లు. దాన్నిబట్టి ఉపాధ్యాయులే ఊళ్లకు వచ్చి గుడి దగ్గర, చెట్టు కింద, అరుగుల మీద పాఠాలు చెప్పారు. పాతకాలపు అరుగు బడి, మన మైసూరు సీమలో కూలిమఠం అనేవారే, అదే మళ్లీ వచ్చినట్టు అయ్యింది. పిల్లలకు కూడా జబ్బు సోకడంతో అక్టోబరులో ఆపేశారు, 2021 జనవరి 1న మళ్లీ మొదలుపెట్టారు.

మా ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోను. నాయన టమోటా బుట్టలతో పొద్దున్నే మార్కెట్టుకు పోతే ఫోను ఆయనతోనే పోయేది. రాత్రి ఎనిమిదికి ఇంటికి వచ్చేది. అప్పుడు నేనూ మా తమ్ముడూ మిద్దె ఎక్కి సిగ్నలు వెతుక్కుంటూ పొద్దున పెట్టిన పాఠం రాత్రి చూసేవాళ్లం. చందన టీవీలో సంవేద పాఠాలు పెద్ద తరగతులకు వచ్చేవి, కానీ అవి కన్నడంలో. సప్తగిరి చానెల్లో విద్యామృతం అని తెలుగులో వచ్చేవి, కానీ అవి ఆంధ్రా సిలబస్సువి. మేము రెండూ చూసి, సగం అక్కడ సగం ఇక్కడ అర్థం చేసుకున్నాం. మాలాంటి తెలుగు మాధ్యమం పిల్లలు ఏ లెక్కలోకి వస్తారు అనేది ఆ మూడు రకాల్లో ఎక్కడా లేదు.

నిషేధాల కాలం

బడులు తెరిచాక గాలి తిరిగింది. నిజానికి ఫోన్ల మీద నిషేధం పాతదే. సీబీఎస్‌ఈ 2009లోనే తమ బడుల్లో ఫోన్లను అదుపు చేయమని చెప్పింది. ఫ్రాన్సు దేశం 2018లో చట్టం చేసి పదిహేనేళ్ల లోపు పిల్లల బడుల్లో ఫోను వాడకం ఆపింది. అయితే వికలాంగ పిల్లల అవసరాలకూ, పాఠం కోసం ఉపాధ్యాయులు వాడించేటప్పుడూ మినహాయింపు ఇచ్చింది. 2023 జూలైలో యునెస్కో ఒక పెద్ద నివేదిక తెచ్చింది. అప్పటికి ప్రపంచంలో నాలుగో వంతు కన్నా తక్కువ దేశాలు బడుల్లో స్మార్ట్‌ఫోన్లు నిషేధించాయని చెప్పింది. సాంకేతికతను బడిలోకి తెచ్చేటప్పుడు అది ఎవరి షరతుల మీద వస్తోంది అని అడగమంది.

మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఫోన్లు ఆపేసింది. పిల్లలు తేకూడదు. ఉపాధ్యాయులు కూడా పాఠం చెప్పే ముందు ఫోను ప్రధానోపాధ్యాయుడికి అప్పగించాలి. ఇందులో విచిత్రం ఏమిటంటే, అదే ప్రభుత్వం 2022 డిసెంబరులో సర్కారు బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు ఉచితంగా ఇచ్చింది. కొడికొండ చెక్‌పోస్టు దాటితే అవతల ఉండే మా పెద్దమ్మ కొడుక్కి ఒక ట్యాబు వచ్చింది. నేను సెలవులకు పోయినప్పుడు దానిలో తెలుగు వివరణతో ఉన్న విజ్ఞానశాస్త్రం పాఠం చూశాను. గుండె ఎట్లా కొట్టుకుంటుందో బొమ్మ కదులుతూ చూపించింది. మా అన్న మాత్రం "నేను దాన్లో పాఠం తప్ప అన్నీ చూసినా" అని నవ్వాడు. ఒకే వస్తువు ఇద్దరి చేతుల్లో రెండు రకాలుగా ఉంటుంది.

పరధ్యానం అనేది నిజమైన సమస్య. 2022లో జరిగిన పిసా అనే అంతర్జాతీయ పరీక్షలో పిల్లలను అడిగితే, సగటున 65 శాతం మంది కనీసం కొన్ని గణితం తరగతుల్లోనైనా ఫోన్ల వంటి పరికరాల వల్ల తమ ధ్యాస చెదిరిందని చెప్పారు. ఆ పరీక్ష రాసేది పదిహేనేళ్ల పిల్లలే, అంటే నా ఈడువాళ్లే. కాబట్టి "మాకు నమ్మి ఫోను ఇవ్వండి, మేము చూసుకుంటాం" అని నేను వాదించను.

ఒక తీర్పు చెప్పిన మాట

నిషేధం పెట్టేటప్పుడు ఏం ఆలోచించాలో కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరు 19న ఇచ్చిన తీర్పులో ఉంది. ఒక కాలేజీ హాస్టల్లో సాయంత్రం కొన్ని గంటలు ఆడపిల్లలు ఫోను వాడకూడదని నియమం పెట్టారు. ఒక డిగ్రీ విద్యార్థిని ఒప్పుకోలేదు. ఆమెను హాస్టల్ నుంచి పంపించేశారు. ఆమె కోర్టుకు వెళ్లింది. ఇంటర్నెట్ అందుకోవడం చదువు హక్కులో భాగం, వ్యక్తిగత గోప్యత హక్కులో భాగం అని కోర్టు చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఇతరులకు ఇబ్బంది కలగకుండా వాడాలి అని కూడా చెప్పింది. ఆమె వయసొచ్చిన అమ్మాయి, మేమింకా చిన్నవాళ్లం, అందుకని ఆ తీర్పు మాకు అట్లాగే వర్తిస్తుందని నేను అనను. కానీ నియమం పెట్టేవాళ్లు దానికి కారణం చెప్పగలగాలి అనే మాట మా బడికి కూడా పనికొస్తుంది.

మా బడి సంగతి వేరు, ఎందుకంటే

మనది సరిహద్దు సీమ. కైవారం తాతయ్య మన చింతామణి తాలూకాలోనే ఉండి తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు పాడాడు. ముద్దేనహళ్లిలో పుట్టి చిక్కబళ్లాపురం బడిలో చదివిన విశ్వేశ్వరయ్య తెలుగు ఇంటి బిడ్డ. ఆయన మైసూరు దివానుగా ఉన్న కాలంలో, 1913లో, నిర్బంధ ప్రాథమిక విద్య చట్టం వచ్చింది. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం మనకు కొత్త కాదు. అయినా తెలుగు మాధ్యమంలో చదివే మాకు ఒక ఇబ్బంది ఉంది.

ఒక ఉదాహరణ చెప్తాను. ఆకులు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకోవడాన్ని మేము కిరణజన్య సంయోగక్రియ అని చదువుతాం. పక్క బడిలో కన్నడం పిల్లలు ద్యుతిసంశ్లేషణె అంటారు. వచ్చే ఏడాది పీయూసీలో చేరితే అదే ఫోటోసింథసిస్ అవుతుంది. మూడు పేర్లూ తెలిస్తేనే మాకు దారి. మూడూ ఒకేచోట ఇచ్చే పుస్తకం మా దగ్గర లేదు. ఫోనులో అయితే తెలుగు వికీపీడియా తెరిచి, పక్కన ఉన్న భాషల పట్టీలో కన్నడం నొక్కితే ఆ పేరూ, ఇంగ్లీషు నొక్కితే ఈ పేరూ వస్తాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఉంది. కంప్యూటర్లో అక్షరాలకు స్థానాలు కేటాయించే యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగు ఉంది, దాని పక్క వరుసలోనే కన్నడం ఉంది. అక్కడ కూడా ఇరుగుపొరుగే! ఇంత సౌకర్యాన్ని "ఫోను చెడ్డది" అని ఒక్క మాటతో మూసేస్తే నష్టపోయేది మొదట మాలాంటి పిల్లలే. పట్నంలో ఇంగ్లీషు మాధ్యమం పిల్లలకు కావలసిన పుస్తకాలు ఏ అంగడిలోనైనా దొరుకుతాయి.

ఇంకో సంగతి రాయడానికి కొంచెం జంకుగా ఉంది, కానీ రాస్తాను. ఫోను దొరికితే శిక్ష అందరికీ ఒకటి కాదు. అబ్బాయి దగ్గర దొరికితే ఇంట్లో తిట్లు పడతాయి, వారం తర్వాత అంతా మామూలే. అమ్మాయి దగ్గర దొరికితే "ఎవరితో మాట్లాడుతోంది?" అని మొదలవుతుంది. అది "చదివింది చాలు" దాకా పోతుంది. నాకు తెలిసిన ఒక అక్క చదువు ఇట్లాగే తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. ఆమె ఫోనులో ఉన్నది పాఠాల వీడియోలు, చెల్లెలి ఫోటోలు. నియమం రాసినవాళ్లు "ఫోను దొరికితే తల్లిదండ్రులకు తెలియజేస్తాం" అని ఒక్క వాక్యం రాసి ఉంటారు. ఆ వాక్యం ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా పని చేస్తుంది. 1823 నాటి లెక్కలో ఆడపిల్లలు ఎందుకంత తక్కువ ఉన్నారో చదివి బాధపడే మనం, ఇప్పుడు ఒక నియమం వల్ల ఒక్క అమ్మాయి కూడా బడి మానకుండా చూసుకోవాలి కదా.

చరిత్ర ఏం చెప్తోంది?

ఇంత చదివాక నాకు అర్థమైనవి నాలుగు. ఒకటి, కారణం చెప్పిన నియమం నిలిచింది. అవ్వ పలక నియమం, కాలిక్యులేటరు నియమం అట్లాంటివే. కారణం లేని సిరా పెన్ను నియమం దానంతట అదే పోయింది. రెండు, వస్తువు అందరిదీ అయినప్పుడు, ఒక వేళ, ఒక బాధ్యుడు ఉన్నప్పుడు మేలు జరిగింది. సైట్ టీవీ అట్లాంటిది. మూడు, వస్తువు లేనివాళ్లను మరిచిపోతే ఏ నియమమైనా సగమే. విద్యాగమలో మొదట లేనివాళ్లను లెక్కపెట్టడం అందుకే మంచి పని. నాలుగు, శిక్ష తప్పుకు తగినట్టు ఉండాలి. ఒకప్పుడు పిల్లలను దూలానికి వేలాడదీసేవాళ్లు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్నే నిషేధించింది. శిక్షలు కూడా మారతాయి, మార్చుకోవచ్చు.

వీటిని బట్టి మా బడికి పనికొస్తాయని నాకు తోచిన నియమాలు ఇవి. పెద్దలు, టీచర్లు చూసి దిద్దాలి.

1. దూరం నుంచి వచ్చే పిల్లలు ఫోను తెచ్చుకోవచ్చు. కానీ మొదటి గంటకే ఆఫీసులో పేరు రాసి పెట్టెలో ఇచ్చేయాలి. చివరి గంటకు తీసుకోవాలి.

2. పాఠం జరిగేటప్పుడు ఎవరి ఫోనూ మోగకూడదు. ఇది టీచర్లకూ వర్తించాలి. వాళ్లు పాటిస్తే మాకు చెప్పాల్సిన పనే ఉండదు.

3. తరగతికి ఒక ట్యాబు బడిదే ఉండాలి. వారంలో రెండు గంటలు, టీచరు ఎదుట, పదాల అర్థాలూ బొమ్మలూ పాఠాల వీడియోలూ చూడటానికి మాత్రమే. మూడు భాషల్లో పారిభాషిక పదాల పట్టిక మేమే తయారుచేసి గోడకు అంటిస్తాం.

4. ఇంటిపని వాట్సాప్‌లో మాత్రమే పెట్టకూడదు. నల్లబల్ల మీద కూడా రాయాలి. ఇంట్లో ఫోను లేని పిల్లలు మా తరగతిలో ఇప్పటికీ ఉన్నారు.

5. అడగకుండా ఎవరి ఫోటో, వీడియో తీయకూడదు. ఇందులో మాత్రం మినహాయింపు వద్దు.

6. నియమం తప్పితే మొదటిసారి ఫోను సాయంత్రం దాకా ఆఫీసులో ఉంచి ఇవ్వాలి. ఇంటికి చెప్పాల్సి వస్తే టీచరమ్మ స్వయంగా మాట్లాడాలి. అబ్బాయికీ అమ్మాయికీ ఒకే శిక్ష. ఏ తప్పుకూ బడి మానిపించడం శిక్ష కాకూడదు.

7. ప్రతి జూన్‌లో టీచర్లు, తల్లిదండ్రులు, ఇద్దరు విద్యార్థులు కూర్చొని ఈ నియమాలను మళ్లీ చదవాలి. పనికిరానిది తీసేయాలి.

ఏడో నియమం నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. ఇసుక, గంటం, కడతం, పలక, సిరా పెన్ను, టీవీ, ఫోను ఇట్లా ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఇంకొకటి వస్తుంది. ఇప్పుడే కొందరు పెద్ద పిల్లలు ఇంటిపని వ్యాసాలను కృత్రిమ మేధతో రాయిస్తున్నారు. రేపు దాని మీద కూడా సమావేశం జరుగుతుంది. అప్పుడు "తేవాలా, వద్దా" అని మొదటి నుంచి కొట్లాడుకోకుండా, ఎవరి కోసం, ఎంతవరకు, ఎవరి భాషలో అని అడిగే అలవాటు మనకు ఇప్పుడే ఉంటే బాగుంటుంది.

వచ్చే సమావేశానికి ఈ ఏడు నియమాలూ ఒక కాగితం మీద రాసి ప్రధానోపాధ్యాయులకు ఇస్తాను. పదో తరగతి కాబట్టి వచ్చే జూన్‌కు నేను ఈ బడిలో ఉండను. తొమ్మిదో తరగతి చెల్లెళ్లు, తమ్ముళ్లు అప్పుడు ఆ కాగితం తీసి చదవాలని కోరుతున్నాను.